రెండు బాతు పిల్లలను విడివిడిగా ఉంచితేనే మనుషులకు మాలిమి అవుతాయా?

ప్రశ్న: వడ్డేపల్లి పెరటిల్లు

అందరికీ నమస్కారం. మేము హన్మకొండలో వడ్డేపల్లి చెరువుకు దగ్గరలో ఉంటున్నాము. ఇంటి వెనుక ఒక వేపచెట్టు, నీళ్ళ గోలెం, నాలుగైదు మడుల కూరగాయలు పట్టేంత పెరడు ఉన్నాయి. ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి చాలా కాలంగా అడుగుతుండడంతో మా వారు కిందటి వారం అంగడి నుంచి రెండు బాతు పిల్లలను తెచ్చారు. వాటికి రెండు వారాల వయసు ఉంటుందని అమ్మిన మనిషి చెప్పాడట. పసుపు నూగు, వీపు మీద మట్టి రంగు మచ్చలు ఉన్నాయి. రాత్రి పూట వంటింటి పక్క వరండాలో అట్టపెట్టెలో ఊక పోసి పడుకోబెడుతున్నాము, పగలు పెరట్లో గంప కింద ఉంచుతున్నాము.

నా సందేహం వాటి ఆరోగ్యం గురించి కన్నా వాటి స్వభావం గురించి. మనిషి అలికిడి వినిపించగానే రెండూ ఒకదాని మీద ఒకటి పడి మూలకు చేరుతాయి. మేము పక్కకు తప్పుకుంటే తప్ప మేత ముట్టవు. ఒకటి తొట్టి వెనక్కు వెళ్ళి కనిపించకపోతే రెండోది అది తిరిగి వచ్చే దాకా అరుస్తూనే ఉంటుంది. తన వెనకే నడిచి వస్తాయనీ, ఒళ్ళో కూర్చుంటాయనీ ఆశపడ్డ మా అమ్మాయి చిన్నబుచ్చుకుని కూర్చుంటోంది. అవి రెండూ కలిసి ఉన్నంత కాలం మనిషి అవసరం వాటికి తెలియదని, కొన్నాళ్ళు వేరువేరు గదుల్లో ఉంచితే దేనికది మనకు అలవాటు పడుతుందని అమ్మిన మనిషి చెప్పాడు, మా పక్కింటి వారూ అదే మాట అన్నారు. నాకు మాత్రం అలా విడదీయడానికి మనసొప్పడం లేదు. గుడ్డులోంచి వచ్చాక మొదట చూసిన దానినే బాతు పిల్ల తల్లిగా అనుకుంటుందని కూడా చదివాను. అది నిజమైతే మాకు ఆ సమయం దాటిపోయినట్టేనా?

ప్రస్తుతం నూకలు, తవుడు తడిపి పెడుతున్నాము. ఒకరిద్దరు బ్రెడ్డు పెట్టమన్నారు. రానున్న ఎండలను తలుచుకుంటే కూడా భయంగానే ఉంది. బాతులను దగ్గరగా చూసిన వారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: పరకాల రైతుబిడ్డ

అమ్మా, ముందుగా ఒక్క మాట. వాటిని విడదీయకండి. మీ మనసు చెప్పిందే సరైనది.

మా ఊళ్ళో బాతు గుడ్లను కోడి కింద పొదిగించడం చాలా ఇళ్ళలో ఉన్న అలవాటు. నాటు కోడికి ఉన్నంత పొదుగు గుణం గుడ్ల కోసం పెంచే బాతులకు ఉండదు. కోడి గుడ్డు 21 రోజులకు పిగిలితే బాతు గుడ్డుకు 28 రోజులు పడుతుంది కాబట్టి ఆ చివరి వారం కోడి లేచి పోకుండా చూసుకోవడమే అందులోని కష్టమంతా. పిల్లలు బయటకు రాగానే కోడినే తల్లి అనుకుంటాయి, దాని గొంతుకు తిరుగుతాయి, దాని రెక్కల కింద పడుకుంటాయి. కానీ మడుగు కనిపించిన రోజున నేరుగా నీళ్ళలోకి దిగిపోతాయి, కోడి గట్టు మీద అటూ ఇటూ పరుగెడుతూ గొంతు చించుకుంటుంది. చిన్నప్పుడు అది చూసి కోడి మీద జాలిపడేవాణ్ణి. తల్లి అనుకున్నది ఎవరైనా బాతు బాతు లాగానే బతకాలనుకుంటుందని అప్పుడే అర్థమైంది. అందువల్ల మీ అమ్మాయి కావలసింది వాటికి తల్లి కాదు, వాటి గుంపులో మనిషి.

మీరు చదివినది నిజమే. ఆస్ట్రియా శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్ పెద్దబాతు పిల్లలు తన వెనకే నడవడాన్ని గమనించి ఈ విషయాన్ని లోకానికి చాటాడు. జంతువుల ప్రవర్తన మీద చేసిన కృషికి 1973లో మరో ఇద్దరితో కలిపి ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. బాతు పిల్లల్లో మొదట చూసినదే తల్లి అనే ఈ ముద్ర పడే సమయం చాలా చిన్నది. పిగిలిన 13 నుంచి 16 గంటల మధ్య అది అన్నిటికన్నా బలంగా ఉంటుందని తర్వాతి పరిశోధకులు తేల్చారు. ఒకటి రెండు రోజులు గడిచాక ఆ తలుపు దాదాపుగా మూసుకుపోతుంది. కాబట్టి రెండు వారాల పిల్లలకు మీ వల్ల ఆ ముద్ర పడే వీలు లేదు. అయితే మాలిమి కావడానికి ఆ ముద్ర అవసరం లేదు. భయం లేదని రోజూ రుజువవుతూ ఉంటే నెలల వయసులో వచ్చిన బాతు కూడా మాలిమి అవుతుంది. అది నిదానంగా వస్తుంది, వచ్చాక నిలుస్తుంది.

ఎలా అంటే, మీ అమ్మాయిని నిలబడి వాటి దగ్గరకు వెళ్ళవద్దని చెప్పండి. బాతుకు పైనుంచి వచ్చేదంతా గద్దే. చెయ్యి పైనుంచి దిగినా, నీడ పైనుంచి పడినా అది ప్రాణభయంతోనే పరుగెత్తుతుంది. పెరట్లో ఒక గోనెసంచి పరుచుకుని నేల మీద కూర్చుని, వాటి వైపు తదేకంగా చూడకుండా తన చదువు తాను చదువుకోమనండి. మేత గిన్నె తనకు కొంత దూరంలో పెట్టి, రోజురోజుకూ కొద్దికొద్దిగా దగ్గరకు జరపాలి. అవి తింటున్నంత సేపూ కదలకూడదు. మొదట కాలి దగ్గరకు, తర్వాత అరచేతి దగ్గరకు వస్తాయి. అరచేతిలోంచి తినడం మొదలుపెట్టాక కూడా పట్టుకోవడానికి తొందరపడవద్దు. పట్టుకున్న ఒక్క రోజు వారం పాటు కూడబెట్టిన నమ్మకాన్ని పోగొడుతుంది.

వీటన్నిటి కన్నా ముఖ్యమైనది గొంతు. బాతు పిల్లలు ఇంకా గుడ్డులో ఉండగానే తల్లి పిలుపును గుర్తుపట్టేందుకు సిద్ధమవుతాయి. వాటి లోకంలో చూపు కన్నా శబ్దం ముందు. మేత పెట్టిన ప్రతిసారీ ఒకే పిలుపు, ఒకే గొంతు, ఒకే స్థాయిలో వినిపించాలి. మా ఇంట్లో "దా దా దా" అని మెల్లగా సాగదీసి పిలుస్తాము. ఆ పిలుపు వినిపించాక ఏదో ఒకటి దొరకాలి, ఊరికే పిలవకూడదు. వానపాము కన్నా ప్రీతిపాత్రమైనది బాతుకు లేదు. తడి మడిలో పారతో రెండు పెళ్ళలు తిరగేసి పిలిచి చూడండి, మీ అమ్మాయి పార పట్టుకుంటే చాలు వెనకే వచ్చే రోజు త్వరలోనే వస్తుంది.

జవాబు: కాజీపేట మిత్రుడు

పై మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేకపోతున్నాను. మా ఇంట్లో ఒకే ఒక్క బాతు ఉంది. దానికి తోడు లేకపోవడం వల్లనే అది నన్ను వదలకుండా తిరుగుతుంది, నేను డ్యూటీకి వెళ్ళేటప్పుడు గేటు దాకా వస్తుంది, తిరిగి వచ్చాక షూ లేసులు పట్టుకుని లాగుతుంది. ఇంతటి ప్రేమ జంటగా పెరిగిన బాతుల దగ్గర నేను చూడలేదు. కొన్నాళ్ళు విడిగా ఉంచినంత మాత్రాన నష్టం ఏమీ ఉండదనుకుంటాను.

జవాబు: మామునూరు పశువైద్య విద్యార్థిని

కాజీపేట అన్నయ్య గారి బాతుకు ఆయన మీద ఉన్నది నిజమైన అనుబంధమే, అందులో సందేహం లేదు. అయితే ఆయన డ్యూటీలో ఉన్నంత సేపూ అది ఎలా గడుపుతోందన్నది కూడా చూడాలి. బాతు గుంపులో బతికే పక్షి. తోటి బాతు కనిపించనప్పుడు అది అరిచే అరుపు అలవాటు మీద వచ్చేది కాదు, ఆపదను తెలిపే అరుపు. 1999లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం వరుసలో నిద్రపోయే బాతుల్లో చివరన ఉన్నది బయటి వైపు కన్ను తెరిచి, మెదడులో ఒక సగాన్ని మెలకువగా ఉంచుకుని నిద్రపోతుంది. మధ్యలో ఉన్నవి మాత్రం రెండు కళ్ళూ మూసుకుని నిశ్చింతగా పడుకుంటాయి. పక్కన తోడు ఉండడం బాతు నిద్రనే మార్చేస్తుందంటే దానికి తోడు ఎంత అవసరమో ఊహించండి.

మరో చిక్కు కూడా ఉంది. చిన్నతనం నుంచి మనుషుల మధ్యనే ఒంటరిగా పెరిగిన మగ బాతు ఈడుకు వచ్చాక మనుషులనే తన జాతిగా భావించి కాళ్ళ మీదకు ఎక్కడం, దుస్తులు పట్టి కొరకడం మొదలుపెట్టవచ్చు. చిన్నప్పుడు ముద్దుగా కనిపించిన వెంటపడడమే అప్పుడు ఇంట్లో పిల్లలకు భయం కలిగిస్తుంది. అన్నయ్య గారు కూడా వీలైతే మరో ఆడ బాతును తెచ్చుకోవడం మంచిదని నా విన్నపం. తోడు వచ్చాక ఆయనను అది మరిచిపోదు, ఆయన లేనప్పుడు అరవడం తగ్గుతుంది.

ఇక ప్రశ్న అడిగిన అక్కయ్య గారికి మేత గురించి కొంచెం ఎక్కువగానే చెప్పాలి. నూకలు, తవుడు మాత్రమే సరిపోవు. మొదటి మూడు వారాలు మేతలో ఇంచుమించు 20 శాతం మాంసకృత్తులు ఉండాలి, తర్వాత 16 నుంచి 18 శాతానికి తగ్గించవచ్చు. కోడి పిల్లలకు అమ్మే స్టార్టర్ దాణా వాడుకోవచ్చు కానీ దానిలో ఒక కొరత ఉంది. బాతు పిల్లకు నియాసిన్ అనే బి విటమిన్ కోడి పిల్ల కన్నా చాలా ఎక్కువ కావాలి, కిలో మేతలో సుమారు 55 మిల్లీగ్రాములు ఉండాలి. అది తక్కువైతే మోకీళ్ళు వాస్తాయి, కాళ్ళు వంకర తిరుగుతాయి, పిల్ల నడవలేక కూర్చుండిపోతుంది. చాలామంది దీనిని చలి వాతమనుకుని నూనె రుద్దుతూ కాలం గడుపుతారు. దాణాలో కొద్దిగా ఈస్ట్ పొడి కలిపితే ఈ కొరత తీరుతుంది. పిల్ల కుంటుతున్నట్టు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా పశువుల దవాఖానకు తీసుకువెళ్ళండి. మొదట్లో తేలికగా కుదిరే కాలు తర్వాత కుదరదు. బ్రెడ్డు పెట్టకండి. కడుపు నిండుతుంది, ఒంటికి ఏమీ పట్టదు.

మన ప్రాంతం వారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసింది బూజు. వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో మక్కలు ఎక్కువ, అవి తడిసి బూజు పట్టడమూ ఎక్కువే. పల్లి చెక్క సంగతీ అంతే. ఆ బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పెంపుడు పక్షులన్నిటిలోకీ బాతు అతి తక్కువగా తట్టుకుంటుంది. 1960లో ఇంగ్లండులో వేలాది టర్కీ కోళ్ళు చనిపోయినప్పుడు ఆ కారణాన్ని వెతుకుతూ పోతే బూజు పట్టిన పల్లి పిండి బయటపడింది, అదే మేత తిన్న బాతు పిల్లలు కూడా చనిపోయాయి. కోళ్ళకు ఏమీ కాలేదు కదా అని అదే మక్క రవ్వ బాతులకు వేయవద్దు. ముక్కిన వాసన వచ్చిన మేత ఎంత ఖరీదైనదైనా పారేయండి. తడిపిన మేత పూటకు మించి గిన్నెలో నిలవ ఉండనీయకండి.

మేత పక్కన నీళ్ళు తప్పనిసరి. బాతు పొడి మేతను నీళ్ళు లేకుండా మింగలేదు, గొంతుకు అడ్డం పడుతుంది. ఆ నీళ్ళు తల మొత్తం ముంచేంత లోతుగా ఉండాలి. ముక్కు రంధ్రాలనూ కళ్ళనూ అది అలాగే శుభ్రం చేసుకుంటుంది. లోతు లేని పళ్ళెంలో నీళ్ళు పెట్టిన ఇళ్ళలో కళ్ళు అంటుకుపోయిన బాతులను తరచుగా చూస్తుంటాము.

ఈదించడం గురించి మీరు అడగలేదు కానీ పిల్లలు ఉన్న ఇల్లు కాబట్టి చెబుతున్నాను. తోక మొదట్లో ఉండే గ్రంథి నుంచి వచ్చే నూనెను ముక్కుతో ఈకలకు రాసుకోవడం వల్ల బాతు తడవదు. చిన్న పిల్లలకు ఆ నూనె తల్లి ఒంటి నుంచి కూడా అందుతుంది. తల్లి లేని పిల్లలు నీళ్ళలో ఎక్కువ సేపు ఉంటే నూగు తడిసి, ఒళ్ళు చల్లబడి మునిగిపోతాయి. అందుచేత ఎండ పొద్దున గోరువెచ్చని నీళ్ళలో కొద్ది నిమిషాలు, మీరు పక్కన ఉండగా మాత్రమే దించండి. తొట్టి లోపలా బయటా ఇటుకలు మెట్లుగా పేర్చండి, నున్నటి టబ్బు అంచు ఎక్కలేక అలసిపోయి చనిపోయే పిల్లలు చాలా ఎక్కువ. బయటకు రాగానే తుడిచి వెచ్చగా ఉంచాలి. రెండు వారాల పిల్లకు 29 డిగ్రీల దాకా వెచ్చదనం కావాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవచ్చు. పగటి ఎండకు బల్బు అక్కర్లేకపోయినా తెల్లవారుజామున కావాలి. బల్బు పెట్టెకు ఒక పక్కనే ఉంచితే వేడి ఎక్కువైనప్పుడు అవి రెండో పక్కకు జరుగుతాయి. కలిసి ముద్దగా పడుకుంటే చలి, నోరు తెరిచి దూరంగా పడుకుంటే వేడి అని వాటిని చూసే తెలుసుకోవచ్చు.

ఎత్తుకోవలసి వస్తే రెక్కలు పట్టుకుని గానీ కాళ్ళు పట్టుకుని గానీ ఎత్తరాదు. బాతు కాళ్ళు కోడి కాళ్ళంత గట్టివి కావు. ఒక చెయ్యి పొట్ట కింద, ఇంకో చెయ్యి మూసిన రెక్కల మీద ఉండాలి. ఆ తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవడం, ముక్కును ముద్దు పెట్టుకోకపోవడం మీ అమ్మాయికి మొదటి రోజు నుంచే అలవాటు చేయండి. ఆరోగ్యంగా కనిపించే బాతు రెట్టలో కూడా మనుషులకు విరేచనాలు కలిగించే సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు.

ప్రశ్న అడిగిన వారు: వడ్డేపల్లి పెరటిల్లు

మీ అందరికీ కృతజ్ఞతలు. రెండింటినీ ఒకే పెట్టెలో ఉంచుతున్నాము, ఇక విడదీసే ఆలోచన లేదు. గోనెసంచి మీద కూర్చుని చదవడం మా అమ్మాయికి బాగా నచ్చింది, లెక్కల పుస్తకం పట్టుకుని మరీ కూర్చుంటోంది. నిన్న సాయంత్రం ఒక పిల్ల వచ్చి తన కాలి పట్టీని ముక్కుతో లాగి వెళ్ళిపోయిందని ఇంటిల్లిపాదికీ చెప్పింది.

ఇంకా కొన్ని సందేహాలు ఉన్నాయి. వీటిలో ఏది ఆడదో ఏది మగదో ఎప్పుడు తెలుస్తుంది, ఎలా తెలుస్తుంది? ఒకటి మగ, ఒకటి ఆడ అయితే జంట కుదిరినట్టేనా? పెద్దయ్యాక చుట్టుపక్కల వారికి అరుపులతో ఇబ్బంది అవుతుందా? చెరువు నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉంది కాబట్టి వాటిని అప్పుడప్పుడు అక్కడికి తీసుకువెళ్ళవచ్చా? ఎండల గురించి కూడా చెప్పగలరు.

జవాబు: హన్మకొండ జంట బాతులు

చెల్లీ, మా ఇంట్లో రెండు ఆడ బాతులు ఉన్నాయి కాబట్టి చూసింది చూసినట్టు చెబుతాను.

రెండు నెలల వయసు దగ్గర పడేసరికి గొంతు మారుతుంది. ఆడదానికి గట్టిగా "క్వాక్" అనే గొంతు వస్తుంది, మగదానిది బొంగురుపోయినట్టు మెల్లగా ఉంటుంది. చాలామంది అనుకున్నట్టు అరిచేది మగది కాదు, ఆడదే. ఇంకొన్ని వారాలకు మగదాని తోక మీద పైకి వంకీ తిరిగిన ఈకలు వస్తాయి, అప్పుడు ఇక సందేహం ఉండదు. మస్కోవీ జాతి అయితే ఈ వంకీ ఉండదు, ముఖం మీద ఎర్రటి కండ మగదానికి పెద్దదిగా పెరుగుతుంది, ఆడదీ మగదీ రెండూ పెద్దగా అరవవు.

ఒక మగ, ఒక ఆడ అంటే చూడముచ్చటైన జంట అని అందరూ అంటారు, కానీ నేను ఆ జంటను సిఫారసు చేయను. ఒక మగ బాతుకు నలుగురైదుగురు ఆడ తోడు ఉండేటట్టు పెంచడం పెంపకందారుల పద్ధతి. ఒకే ఆడది ఉంటే మగది పదేపదే ఎక్కడం వల్ల ఆడదాని తల వెనుక, మెడ మీద ఈకలు రాలిపోయి పుండ్లు పడతాయి. మీకు అలా పడితే కంగారు పడకండి. మధ్యలో వల కట్టి, ఒకదానికొకటి కనిపించేటట్టు, మాట వినిపించేటట్టు కొన్ని గంటలు విడిగా ఉంచండి, లేదా మరో రెండు ఆడ బాతులను తెచ్చుకోండి. రెండూ ఆడవైతే అంతకన్నా శాంతమైన జంట లేదు. రెండూ మగవైనా, ఆడ బాతు చుట్టుపక్కల లేనంత వరకు సాధారణంగా కలిసే ఉంటాయి.

అరుపు గురించి నిజం చెప్పాలంటే ఉదయం తలుపు తీసేటప్పుడు, మేత ఆలస్యమైనప్పుడు, పిల్లి గోడ ఎక్కినప్పుడు ఆడ బాతులు వీధి వీధంతా వినేటట్టు అరుస్తాయి. చీకటి పడ్డాక మాత్రం పెద్దగా అరవవు. ఇరుగుపొరుగుకు ముందే చెప్పి, గుడ్ల కాలంలో నాలుగు గుడ్లు పంపితే సఖ్యత చెడదు. బాతులు ఐదారు నెలల వయసులో గుడ్లు మొదలుపెడతాయి, తెల్లవారుజామునే పెడతాయి. అందుకే ఉదయం ఎనిమిదింటి దాకా గూటిలోనే ఉంచితే గుడ్లు పొదల్లో పోకుండా దొరుకుతాయి.

చెరువుకు తీసుకువెళ్ళవద్దు. కుక్కల భయం ఒకటి, నీళ్ళలోకి దిగాక పిలిస్తే రాకపోవడం ఒకటి. వాటికన్నా పెద్ద కారణం మరొకటి ఉంది. శీతాకాలంలో మన చెరువులకు వలస బాతులు వస్తాయి, వాటి నుంచి పెంపుడు బాతులకు జబ్బులు సోకవచ్చు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్ళకు బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. బాతులు ఆ వైరస్‌ను పైకి ఏ లక్షణమూ చూపకుండా మోయగలవు. వేసవిలో అడుగంటిన చెరువు ఇంకా ప్రమాదం. చచ్చిన చేపలు కుళ్ళిన బురదలో పుట్టే విషం వల్ల బాతు మెడ నిలపలేక వాలిపోతుంది, కొన్ని గంటల్లో ప్రాణం పోతుంది. మరో మాట, చెరువులో కనిపించే మచ్చల ముక్కు బాతులనూ ఈల బాతులనూ ఎవరైనా పట్టి ఇస్తామన్నా తీసుకోకండి. అవి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి.

ఎండలకు ఏర్పాటు ఇప్పుడే మొదలుపెట్టండి. మే నెలలో 45 డిగ్రీలు తాకే ఊరు మనది, బాతుకు చెమట పట్టదు, నోరు తెరిచి ఆయాసపడడం, నీళ్ళలో కాళ్ళు పెట్టుకోవడం తప్ప చల్లబడే దారి లేదు. మీ వేపచెట్టు నీడ అన్నిటికన్నా విలువైనది, రేకుల షెడ్డు కింద మాత్రం ఉంచకండి. నీళ్ళ గోలెం నేలలో సగం పాతిపెడితే నీళ్ళు తొందరగా కాగవు, పైగా అవి సులువుగా దిగి ఎక్కుతాయి. అయినా లోపల ఇటుకల మెట్టు తప్పక ఉండాలి. మధ్యాహ్నం మేత తినకపోతే బలవంతం చేయకండి, చల్లబడ్డాక తింటాయి. పుచ్చకాయ తొక్కల లోపలి గుజ్జు, సన్నగా తరిగిన తోటకూర నీళ్ళ మీద తేల్చి వేస్తే ఆటా అవుతుంది, ఒంటికి నీరూ అందుతుంది. ఆ నీళ్ళు రోజూ మార్చి కూరగాయల మడులకు పారించండి, అంత మంచి ఎరువు మళ్ళీ దొరకదు. గట్టి సిమెంటు నేల మీదే నడిస్తే అరికాళ్ళకు పుండ్లు పడతాయి కాబట్టి మట్టి నేల ఉండేటట్టు చూడండి. పెరట్లో మేకులు, తీగ ముక్కలు ఉంటే ఏరేయండి, మెరిసేదల్లా మింగే అలవాటు వాటికి ఉంది.

రాత్రి గూటి విషయంలో రాజీ పడవద్దు. ముంగిస, పందికొక్కు, పిల్లి, కుక్క అన్నీ మన ఊళ్ళో ఉన్నాయి. కోళ్ళకు కట్టే పలుచటి వల కుక్క పళ్ళకు ఆగదు, వెల్డింగ్ జాలీ కావాలి. కింద నుంచి తవ్వకుండా అడుగున కూడా జాలీ పరిచి పైన ఊక గానీ గడ్డి గానీ వేయండి. బాతులు కోళ్ళలా దూలం ఎక్కవు, నేల మీదే పడుకుంటాయి కాబట్టి ఆ పరుపు పొడిగా ఉండాలి.

డక్ ప్లేగు అనే ప్రాణాంతకమైన బాతుల జబ్బు రాకుండా వేసే టీకాను 8 నుంచి 12 వారాల మధ్య వేయిస్తారు. చాలా చోట్ల టీకా మందు పెద్ద సీసాల్లో వస్తుంది కాబట్టి రెండు బాతుల కోసం సీసా విప్పడానికి ఇష్టపడకపోవచ్చు. ముందుగా దవాఖానలో పేరు రాయించుకుని, మరెవరైనా వేయించుకునే రోజున మీరూ వెళ్ళండి.

మీ అమ్మాయికి ఒక మాట చెప్పండి. తన వైపు చూసి తల పైకీ కిందికీ ఊపుతూ మెల్లగా గొణిగిన రోజున అవి తనను చూసి సంతోషపడుతున్నాయని అర్థం. తనూ అలాగే తల ఊపితే అవి మళ్ళీ ఊపుతాయి. ఒళ్ళో కూర్చోవడం అన్ని బాతులకూ ఇష్టం ఉండదు. మా రెండింటిలో ఒకటి ఒళ్ళోకి వస్తుంది, ఇంకొకటి ఏనాడూ రాలేదు, అయినా నేను మొక్కలకు నీళ్ళు పడుతున్నంత సేపూ నా చెప్పుల పక్కనే ఉంటుంది. రెండూ మాలిమే. బాగా చూసుకుంటే ఎనిమిది నుంచి పన్నెండేళ్ళు బతుకుతాయి కాబట్టి ఏడో తరగతిలో వచ్చిన బాతులు మీ అమ్మాయి డిగ్రీ దాకా ఉంటాయని కూడా ఇప్పుడే చెప్పి ఉంచండి. హాస్టలుకు వెళ్ళాక వాటిని చూసుకునేది మీరే.

జవాబు: పరకాల రైతుబిడ్డ

కాలి పట్టీ లాగిందంటే పని సగం అయినట్టే, సంతోషం.

పై అక్కయ్య గారు చెప్పిన వాటికి ఒక్కటి కలుపుతాను. వేసవిలో మీరు ఊరికి వెళ్ళి వీటిని బంధువుల ఇంట్లో వదలాల్సి వస్తే పొలం ఉన్న ఇల్లయినా సరే, వరి మడిలోకి దించే ముందు అందులో గుళికల మందు ఎప్పుడు చల్లారో తప్పక అడగండి. మొగి పురుగుకు వేసే గుళికల్లో కార్బోఫ్యురాన్ వంటివి పక్షులకు తీవ్రమైన విషం, గింజలనుకుని నాలుగు ఏరుకు తిన్నా బాతు బతకదు. కోతలు అయిపోయిన మళ్ళలో బాతుల మందలను మేపే వాళ్ళు కూడా మందు సంగతి రైతును అడిగాకే దించుతారు. గట్ల మీద కోసుకొచ్చే గడ్డి, తోటకూర విషయంలో కూడా అంతే, గడ్డి మందు కొట్టిన గట్టు అయితే వదిలేయండి. మీ ఇంట్లోనే ఒక టార్పాలిన్ గుంటలో అజొల్లా అనే నీటి మీద తేలే చిన్న మొక్కను పెంచుకుంటే ఈ బెడద ఉండదు. కొంచెం పేడ నీళ్ళు, వేపచెట్టు నీడ ఉంటే బాగా అల్లుకుంటుంది, బాతులు ఇష్టంగా తింటాయి. విత్తనం కావాలంటే మా గుంటలో ఉంది, పరకాల వైపు వచ్చినప్పుడు ఒక డబ్బా తెచ్చుకోండి.